పువ్వును తిరగేసి చూడాలి

హిమాలయాల్లో భూర్జవృక్షాలు సైతం పెరగలేక ఆగిపోయే ఎత్తుకు పైన పరుచుకున్న పచ్చిక బయళ్లను గఢ్వాల్ ప్రజలు బుగ్యాల్ అంటారు. ఏడాదిలో సగం మంచు కింద ఉండే ఈ నేలలో చిగురించడం, పూయడం, గింజకట్టడం అన్నీ కొద్ది నెలల్లోనే ముగియాలి కనుక, వందలాది జాతుల మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఇంచుమించు ఒకే కాలంలో పూస్తాయి. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో 87.5 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న పూల లోయ జాతీయోద్యానం వీటిలో ప్రసిద్ధమైనది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగివస్తున్న ఫ్రాంక్ స్మైత్ బృందం కంటపడడంతో ఈ లోయ బయటి ప్రపంచానికి తెలిసింది. గొర్రెల కాపరులకు అది ఎప్పటి నుంచో తెలుసునని వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడికి వెళ్లినవారు పువ్వును ముందుగా రంగుతో గుర్తుపెట్టుకుంటారు, అదే మొదటి పొరపాటు. ముదురు ఎరుపు పూలు పూసే పొటెన్టిల్లా అట్రోసాంగ్వినియాలో పసుపు పూల రకం కూడా ఉంది. దాన్ని ఒకప్పుడు వేరే జాతిగా లెక్కించి, తరువాత ఇందులోనే కలిపారు. ఆ పసుపు పువ్వుకూ, రానన్‌క్యులస్ అనే మరో ప్రజాతి పువ్వుకూ పైనుంచి చూస్తే పెద్ద తేడా కనబడదు: రెంటికీ అయిదేసి పసుపు రేకులు, నడుమ గుబురుగా కేసరాలు. పువ్వును మెల్లగా వంచి వెనకవైపు చూస్తే సంగతి తేలిపోతుంది. పొటెన్టిల్లాకు రక్షకపత్రాల, అంటే మొగ్గను కప్పి ఉంచే ఆకుపచ్చ తొడిమ రేకుల, సందుల్లో మరో వరుస చిట్టి పత్రాలు ఉంటాయి. మన పెరటి మందారం తొడిమ కింద కనిపించే అదనపు వలయం వంటిదే ఇదీ. రానన్‌క్యులస్‌కు ఆ వలయం ఉండదు. పైగా దాని రేకును మొదలంటా పరీక్షిస్తే తేనె ఊరే చిన్న గుంట కనబడుతుంది. మొదటిది గులాబీ కుటుంబానిది, రెండోదానికి ఆ కుటుంబంతో దగ్గరి చుట్టరికమే లేదు.

ఇలా ఒక్కొక్క లక్షణాన్నీ 'ఉందా, లేదా' అని అడుగుతూ, జవాబును బట్టి తరువాతి ప్రశ్నకు వెళుతూ చివరకు జాతి పేరుకు చేరే పద్ధతిని వృక్షశాస్త్రంలో కీ, అంటే తాళంచెవి, అంటారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ 1778లో తన దేశపు మొక్కల గ్రంథంలో ప్రవేశపెట్టిన ఈ పద్ధతే నేటికీ చెలామణిలో ఉంది. కీలో ఆకుల అమరిక, నూగు, అండాశయం రేకులకు పైన ఉందా కింద ఉందా అన్నవి ముఖ్యం; రంగుది చాలావరకు చివరి స్థానం.

ప్రిమ్యులా పూల విషయంలో మరో చిక్కు ఉంది. ఒకే జాతిలో కొన్ని మొక్కల పూలకు కీలం పొడుగ్గా గొట్టం అంచుదాకా వస్తే, మరికొన్నింటిలో అది పొట్టిగా లోపలే ఉండిపోయి కేసరాలు పైకి కనిపిస్తాయి. ఇవి రెండు జాతులు కావు. పరపరాగ సంపర్కానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇదని డార్విన్ 1862లో వివరించాడు.

పేరు తప్పితే ప్రాణం మీదికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఆయుర్వేదంలో పిల్లల రుగ్మతలకు వాడే అతివస, ఘోర విషమైన నాభి, రెండూ అకోనిటమ్ ప్రజాతివే. పై రక్షకపత్రం టోపీలా పువ్వు మీదికి వంగి ఉంటే అది అకోనిటమ్. అదే పత్రం వెనక్కి తోకలా సాగితే డెల్ఫీనియమ్. ప్రజాతి తెలియడానికి అంత చాలు, కానీ మందును విషం నుంచి వేరు చేయడానికి ఆకులు కావాలి. అతివస కాండం పై భాగపు ఆకులు పెద్దగా చీలకుండా, పళ్ల అంచుతో కాండాన్ని హత్తుకుని ఉంటాయి. నాభి ఆకులు అరచేతి వేళ్లలా లోతుగా చీలి ఉంటాయి. తెలుగునాట మూలికల దుకాణంలో అతివసను కొనేవారికి ఎండిన దుంప తప్ప ఈ ఆకు, ఈ పువ్వు ఏనాడూ కనబడవు.

బ్రహ్మకమలం కథ ఇంతకన్నా విచిత్రం. తెలుగు ఇళ్లలో కుండీల్లో పెంచి, రాత్రి విచ్చుకోగానే హారతి పట్టే తెల్లని పువ్వు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన ఎపిఫిల్లమ్ అనే కాక్టస్‌ది. దాని ఆకు అనుకునేది నిజానికి చదునైన కాండం. కేదార, బదరీ ఆలయాల్లో సమర్పించే బ్రహ్మకమలం సాసూరియా ఆబ్వల్లాటా, అది చామంతి కుటుంబపు మొక్క. అందులో రేకుల్లా కనిపించే లేత పసుపు దొప్పలు రేకులు కావు, పుచ్ఛాలనే మార్పు చెందిన ఆకులు. అసలు పూలు వాటి లోపల ఊదారంగు గుత్తిగా దాగి, చలి నుంచీ వాన నుంచీ రక్షణ పొందుతాయి. ఇంట్లో పూజ మానమని దీని అర్థం కాదు గానీ, రెండూ ఒకటేనని చెప్పడం మాత్రం సరికాదు.

పూల లోయకు దారితీసే గోవింద్‌ఘాట్ బదరీనాథ్ యాత్రామార్గంలోనే ఉంది. ఉద్యానంలో పూలు కోయడం నిషిద్ధం కనుక, జులై, ఆగస్టు నెలల్లో అటు వెళ్లే యాత్రికులు పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి వెంట ఉంచుకోవాలి. ఫోటో తీసేటప్పుడు పువ్వు ముఖంతో పాటు దాని వీపునూ, కాండం మీది ఆకులనూ తీయాలి.