అబద్ధపు నివేదికలు, నిజమైన చావులు: 'అవర్ మ్యాన్ ఇన్ హవానా'

గూఢచారి చిత్రమనగానే మీకు తుపాకులు, కారు ఛేజింగులు, ఓటమి ఎరుగని కథానాయకుడు గుర్తుకు రావచ్చు. కరోల్ రీడ్ దర్శకత్వంలో 1959లో వచ్చిన బ్రిటిష్ హాస్య చిత్రం 'అవర్ మ్యాన్ ఇన్ హవానా'లో నాయకుడు క్యూబాలో వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకొనే వర్మోల్డ్. అలెక్ గిన్నెస్ ఆ పాత్ర ధరించాడు. కూతురు మిల్లీ గుర్రం కావాలంటుంది. దుకాణంలో బేరాలు లేవు. అప్పుడే బ్రిటిష్ గూఢచారి సంస్థ అధికారి హాథార్న్ వచ్చి జీతమిస్తానంటాడు. వర్మోల్డ్‌కు గూఢచర్యం చేతకాదు. కాబట్టి లేని ఏజెంట్లను సృష్టించి వారి పేర డబ్బు రాబట్టుకొంటాడు. చివరకు వాక్యూమ్ క్లీనర్ భాగాల బొమ్మలు గీసి, కొండల్లో కడుతున్న రహస్యాయుధాలివి అంటూ లండన్‌కు పంపుతాడు.

లండన్ అధికారులు తెలివితక్కువవారు కనుక నమ్మారని సరిపెట్టుకొంటే చిత్రంలోని రాజకీయ విమర్శ మీకు అందదు. బొమ్మ చూసిన హాథార్న్‌కు అనుమానం కలుగుతుంది. అయినా పెదవి విప్పడు. తాను నియమించిన మనిషి అబద్ధాలకోరని ఒప్పుకొంటే తన ఉద్యోగం ఏమవుతుంది? ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఆయుధం ఉందన్న నివేదికకే గిరాకీ. చివర మోసం బయటపడినా వర్మోల్డ్‌ను శిక్షించరు. శిక్షిస్తే తామంతా మోసపోయామని లోకానికి చెప్పుకోవాలి. అందుకే ఆయనకు ఉద్యోగమూ, ఓ.బి.ఇ. బిరుదూ దక్కుతాయి. ఇది మరీ అతిశయోక్తి అనుకొంటున్నారా? కథ, స్క్రీన్‌ప్లే రాసిన గ్రాహం గ్రీన్ రెండవ ప్రపంచ యుద్ధంలో స్వయంగా బ్రిటిష్ గూఢచారి సంస్థలో పనిచేశాడు. పోర్చుగల్‌లోని కొందరు జర్మన్ గూఢచారులు ఊహా ఏజెంట్ల పేరిట కల్పిత నివేదికలు పంపిన సంగతి ఆయనకు తెలుసు.

అయితే కాగితం మీది అబద్ధం కాగితం మీదే ఆగదు. వర్మోల్డ్ నివేదికల్లోకి ఎక్కిన ఒక పైలట్ చనిపోతాడు. మిత్రుడు డాక్టర్ హాసెల్‌బాకర్ హత్యకు గురవుతాడు. అంతవరకు నవ్విన ప్రేక్షకుడు ఇక్కడ ఇబ్బంది పడాలి.

సామాజికంగా చిత్రంలో పదునైన మాటలు పోలీసు అధికారి సెగురా నోట వస్తాయి. మనుషుల్లో చిత్రహింసకు తగినవారు, తగనివారు అని రెండు తరగతులున్నాయని అతడి సిద్ధాంతం. పేదలు మొదటి తరగతి. ఆంగ్లేయుడైన వర్మోల్డ్ వంటివారు రెండవ తరగతి. అతడు ఇదంతా సభ్యతగా, చిరునవ్వుతో చెబుతాడు. భయం పుట్టించేది ఆ సభ్యతే.

లోపం కూడా ఇక్కడే ఉంది. 1959 జనవరి 1న నియంత బాటిస్టా దేశం విడిచి పారిపోయాడు. కొన్ని నెలలకే హవానా వీధుల్లో ఈ చిత్రం తీశారు. ఫిడెల్ కాస్ట్రో స్వయంగా షూటింగ్ చూడడానికి వచ్చాడు. కథ విప్లవానికి ముందు జరిగినదని చిత్రం ఆరంభంలోనే ప్రకటిస్తుంది. కానీ సెగురా చెప్పిన ఆ మొదటి తరగతివారు తెర మీద ఎక్కడున్నారు? పాటగాళ్ళుగా, బాటసారులుగా వెనుక నిలబడ్డారు. సెగురా పాత్ర సైతం అమెరికన్ హాస్యనటుడు ఎర్నీ కోవాక్స్‌కు దక్కింది. చిత్రం చూసేటప్పుడు ఒక్కసారి వర్మోల్డ్‌ను వదిలి, అతడి వెనుక వీధిలో నడిచిపోయే ముఖాలను చూడండి.