సొమ్ము పెడితే నోరు కట్టాలా?

"సర్కారు సొమ్ముతో చదువుకుంటూ సర్కారునే ప్రశ్నిస్తారా?" విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఏ చర్చ పెట్టినా ఈ మాట వినిపిస్తుంది. మన పిల్లలకైతే ఇంకో ముక్క కలుస్తుంది: "హాస్టలు, స్కాలర్‌షిప్పు ఇస్తున్నాం కదా, బుద్ధిగా చదువుకోండి." పైకి న్యాయంగా కనిపించే ఈ మాటలో రెండు తప్పులున్నాయి.

మొదటిది సొమ్ము లెక్క. ప్రభుత్వం పెట్టేది ప్రజల సొమ్మే. సంతలో సబ్బు కొనే కోయ తల్లి కూడా పన్ను కడుతోంది. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు తవ్వింది మన నేలలోనే. అందుకని విశ్వవిద్యాలయానికిచ్చే నిధి దానం కాదు, మన వాటా.

రెండోది, పెట్టినవాడికి నోరు మూయించే హక్కు ఉందనుకోవడం. అదే నిజమైతే 1938లో నిజాం ప్రభుత్వం చేసింది కూడా సబబే కావాలి. ఉస్మానియా నడిచింది ఆ ప్రభుత్వ సొమ్ముతోనే. వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బయటికి పంపితే నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. వాళ్లను నేడు దేశభక్తులని మెచ్చుకుంటున్నాం. 1969లోనూ, 2009 తర్వాతా తెలంగాణ కోసం లేచిన విద్యార్థులను పొగిడాకే నాయకులు ఓట్లడిగారు. గడిచిపోయిన చర్చకు దండ వేసి, జరుగుతున్న చర్చకు తాళం వేయడం ఏం నీతి?

విద్యార్థి ఎన్నికలపై 2006లో లింగ్డో కమిటీ నివేదిక వచ్చింది. అభ్యర్థి ఖర్చు ఐదు వేల రూపాయలు దాటకూడదని, అచ్చు పోస్టర్లు వద్దని చెప్పింది. డబ్బున్నవాళ్ల జోరు తగ్గించే ఈ నియమాలు మనకు మేలే. కానీ అదే నివేదిక డిగ్రీ విద్యార్థికి 22 ఏళ్లు, పరిశోధక విద్యార్థికి 28 ఏళ్లు వయోపరిమితి పెట్టింది. ఆ ఏడాది ఒక్క పేపరు మిగిలినా, గతంలో క్రమశిక్షణ చర్య ఉన్నా పోటీకి పనికిరారంది. ఆశ్రమ పాఠశాలలో ఆలస్యంగా చేరి, మధ్యలో రెండేళ్లు పోడు పనికి ఆగి, కొత్త భాషలో పాఠాలతో కుస్తీ పట్టి వచ్చినవాడు ఈ జల్లెడలో నిలుస్తాడా? ప్రశ్నించినందుకే చర్య తీసుకుంటే, ప్రశ్నించినవాడు పోటీకే దూరమవుతాడు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ మాత్రం ఎన్నికలు కూడా ఉమ్మడి రాష్ట్రం నాడే ఆగిపోయాయి.

గొడవలైతే చదువు పాడవుతుందని అమ్మానాన్నలు భయపడతారు. ఆ భయం నిజమైనదే. కొట్లాటను ఆపడానికి చట్టం ఉంది. అయితే చర్చ కొట్లాట కాదు. ఎదుటివాడి మాట పూర్తిగా విని జవాబు చెప్పడం నేర్చినచోట కొట్లాట తగ్గుతుంది.

రాజకీయాలు వద్దనుకున్నా అవి మన గుమ్మంలోకి వస్తూనే ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. బీఈడీ చదివే గిరిజన యువతికి ఇది బతుకు సమస్య. ఆమె దీన్ని తరగతిలో మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడాలి? 2014 విభజన చట్టం రెండు రాష్ట్రాలకూ గిరిజన విశ్వవిద్యాలయాలు ఇస్తామంది. ఆంధ్రప్రదేశ్‌కు 2019లో, ములుగుకు 2023లో చట్టం వచ్చింది. తొమ్మిదేళ్లు ఎందుకు పట్టిందని అడగడం రాజకీయమే. ఆ రాజకీయం చేయకపోతే నిధులే రావు.

పద్దెనిమిదేళ్లు నిండితే ఓటు వేయమంటారు. 1996 పెసా చట్టం, అక్షరం రాని పెద్దలు కూర్చునే గ్రామసభను కూడా నమ్మి, భూసేకరణకు ముందు సంప్రదించమంది. గూడెంలో చెట్టు కింద ఉన్న ఈ గౌరవం, చదువు కోసం వెళ్లిన బిడ్డకు విశ్వవిద్యాలయంలో లేకపోవడం వింతే.

ఉపాధ్యాయ మిత్రులారా, దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. నెలకోసారి ఒక జీవోనో, ఒక తీర్పునో తీసుకొని అటొకరు, ఇటొకరు మాట్లాడేలా చూడండి. మీకు నచ్చని వాదనకూ సమానంగా సమయం ఇవ్వండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కాగితం చదివి, లెక్క తెలుసుకొని మాట్లాడండి. ఉపకారవేతనం మీ హక్కు. దానికి బదులుగా మౌనం అడిగే అధికారం ఎవరికీ లేదు.