రెండు సుకూత్‌లు

ఉర్దూలో రెండు మాటలున్నాయి. తెలుగులో రాస్తే రెండూ 'సుకూత్' అనే అవుతాయి. ఉర్దూ లిపిలో వాటి అక్షరాలు వేరు. ఒక సుకూత్ అంటే పతనం. ఇంకో సుకూత్ అంటే మౌనం. 1948 సెప్టెంబర్‌ని ఉర్దూవాళ్లు 'సుకూతె హైదరాబాద్' అంటారు. మా ఇళ్లల్లో మిగిలింది మాత్రం రెండో సుకూతే.

మా దాదీ బీదర్ వైపు మనిషి. అందరి వయసుల్నీ పోలీస్ యాక్షన్‌తోనే లెక్కగట్టేది. మా అబ్బా పోలీస్ యాక్షన్ అయిన మూడో ఏడు పుట్టాడట. అసలప్పుడు ఏం జరిగిందని అడిగితే "జానే దో బేటా" అని లేచి వెళ్లిపోయేది. మమ్మల్ని ఏ బావి దగ్గరికీ పోనిచ్చేది కాదు. పిల్లలం, పడతామని భయమనుకున్నాం.

పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ లాంటివాళ్లు 1948 చివర్లో సంస్థానంలో తిరిగి ఒక నివేదిక రాశారు. తక్కువలో తక్కువగా చూసినా 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని లెక్కగట్టారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయన్నారు. దశాబ్దాలపాటు ప్రభుత్వం దాన్ని బయట పెట్టలేదు. 2013లో ఎ.జి. నూరానీ పుస్తకంలో అచ్చయ్యాక చదివాను. శవాలతో నిండిన బావుల మాట అందులో ఉంది. అప్పటికి దాదీ లేదు. ఆమె ఏం చూసిందో ఇక ఎవరూ చెప్పలేరు. కానీ అబ్బా ఇప్పటికీ బావి కనిపిస్తే పక్కకి తప్పుకుంటాడు. నా కూతుర్ని నేనూ చెయ్యి పట్టి వెనక్కి లాగుతాను.

మరి మన సాహిత్యం ఈ భయానికి మాట ఇచ్చిందా?

వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్య తెలంగాణ పల్లెని, దొరల దౌర్జన్యాన్ని రాశారు. రజాకార్ల దుర్మార్గం కూడా సాహిత్యానికెక్కింది. ఎక్కాల్సిందే. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో నరికి చంపింది ఆ రజాకార్లే. ఆయనా ముస్లిమే. నా పేచీ అక్కడ కాదు. చాలా రచనల్లో ముస్లిం కథ సెప్టెంబర్ 17 దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత సైన్యం ఉంటుంది, సంఘం ఉంటుంది, మళ్లీ ఊళ్లోకొచ్చిన దొర ఉంటాడు. సాయిబు మాయమైపోతాడు. నెల్లూరి కేశవస్వామి 'యుగాంతం' లాంటి కథలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఉర్దూలో వెతికితే జీలానీ బానో 'ఐవానె గజల్' దొరుకుతుంది. ఒక హవేలీ తరతరాలుగా ఎట్లా కూలిందో, అందులో ఆడవాళ్లు ఎట్లా నలిగారో రాసిందామె. హవేలీని పొగడలేదు. గొప్ప నవలే. కానీ మా దాదీకి హవేలీ లేదు. ఆ ఊళ్లల్లో బతికిన జట్కావాలాకీ, దర్జీకీ, దూదేకులాయనకీ కూడా లేదు. నిజాం రాజ్యంలో వాళ్లు అనుభవించిన నవాబీ ఏమీ లేదు. నిజాం పోయినప్పుడు మాత్రం బాకీ వాళ్ల దగ్గరే వసూలైంది.

మాట లేనిచోట తిట్టు వచ్చి కూర్చుంటుంది. బడిలో నన్ను 'రజాకార్' అన్నప్పుడు ఆ మాటకి అర్థం నాకు తెలీదు. ఇంటికొచ్చి అడిగితే ఎవరూ చెప్పలేదు. మూడో తరానికి నింద అందింది గానీ కథ అందలేదు.

అఫ్సర్ 2023లో తెచ్చిన 'రీమేకింగ్ హిస్టరీ' ఈ జ్ఞాపకాల్ని వెతికి రాసిన పుస్తకం. కానీ అది ఇంగ్లీషులో ఉంది. మన కథ, మన నవల తెలుగులో రావాలి. చూసినవాళ్లు దాదాపు వెళ్లిపోయారు. ఇక రాయాల్సింది వాళ్లు చూసింది మాత్రమే కాదు, వాళ్ల భయం మన చేతుల్లోకి ఎట్లా వచ్చిందన్నది కూడా.

నా కూతురు ఒకరోజు బావి గురించి అడుగుతుంది. "జానే దో" అనను. షోయబుల్లాఖాన్ కథా చెప్తాను, బావి కథా చెప్తాను. ఒకటి చెప్పి రెండోది దాస్తే అదీ సుకూతే.