ఒకే పేరు, ఇద్దరు మనుషులు

జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు కనిపిస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. మనిషికి ఒకే నమోదు ఉండాలని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వాదించానో మీకు తెలుసు. అందుకే గడివేముల మండలంలో ఒక సహకార సంఘం పాత సభ్యత్వ పుస్తకాలు కంప్యూటర్‌కెక్కుతున్నాయంటే ఈ వారం చూడబోయాను. దేశంలో 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలను కంప్యూటరీకరించే పథకానికి కేంద్రం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. రైతు అప్పూ వాటాధనమూ ఒకే చోట కనబడితే అంతకన్నా కావలసిందేముంది?

పని చేస్తున్న కుర్రాడు ముందు తేలికైన జతలు ఏరాడు. లక్ష్మిని ఇంగ్లిషులో కొందరు కె, ఎస్‌లతో రాస్తారు, కొందరు ఎక్స్‌తో. ఇంటిపేరు ఒక పుస్తకంలో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరం. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు జనవరి 1 వేసేశారు. కాబట్టి పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. కలపాలని తేలాక కూడా పని అయిపోదు. ఏ గడిలో ఏది నిలవాలి? ఫోన్ నంబరైతే కొత్తది, పుట్టిన తేదీ అయితే బడి రికార్డులోది, అప్పు నిల్వయితే రసీదుతో సరిపోయినది. అన్నింటికీ ఒకే సూత్రం పనికిరాదు.

ఒక జత దగ్గర అతని చెయ్యి ఆగింది. పేరు, ఇంటిపేరు, ఊరు, సర్వే నంబరు అన్నీ ఒకటే. తండ్రి పేరు గడి మాత్రం ఒకదాంట్లో ఖాళీ. బెంచీ మీద కూర్చున్న పెద్దాయనను అడిగాడు. "పైనోడు జేజినాయన, కిందోడు మనమడు. ఇద్దర్నీ ఒకటి చేస్తే ఆ అప్పు ఎవుని మీద పడుతుందప్పా?" అన్నాడాయన.

అహోబిలం, మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం దగ్గరున్న ఈ సీమలో ఓబులేసులకూ మద్దిలేటిలకూ కొదవ లేదు. తాత పేరు మనవడికి పెడతారు, తాత పొలమూ మనవడికే వస్తుంది. మనిషిని పోల్చుకోవడానికి మనం నమ్ముకున్న గుర్తులన్నీ వారసత్వంగా వచ్చేవే!

నా బుద్ధి ఎటు తిరిగినా కడప దగ్గర, సి.పి. బ్రౌన్ దగ్గర ఆగుతుందని పాత పాఠకులకు తెలుసు. 1820లో కడప చేరిన ఆ దొర చేసింది ఈ పనే. ఒకే కావ్యానికి దొరికినన్ని రాతప్రతులు తెప్పించి, పండితుల చేత పోల్చి చూపించి, ఒక్క పాఠం తేల్చేవాడు. వేమన పద్యాలు 1829లో 693 అచ్చువేశాడు, 1839 నాటికి 1,164 చేశాడు. అన్నిటికీ దాదాపు ఒకే మకుటం. మకుటం ఒకటైనంత మాత్రాన కవి ఒకడే కానక్కర్లేదు. వేమన పేరిట చేరినవన్నీ ఆయనవేనా అన్న తగవు నేటికీ తెగలేదు. అయినా బ్రౌన్‌కు నేను దణ్ణం పెట్టేది ఆయన తేల్చిన పాఠానికి కాదు, పోగుచేసిన ప్రతులను పారెయ్యనందుకు. అవి చెన్నపట్నం ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి కాబట్టే ఆయన తీర్పును మళ్లీ విచారించే వీలు మిగిలింది.

మన జాబితాల్లో ఆ వీలు ఉందా? ఓటర్ల జాబితా ప్రక్షాళన కోసం 2015లో ఆధార్‌ను జోడించే పని మొదలుపెట్టారు. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అది ఆగింది. అయినా 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో ఎందరో పోలింగ్ కేంద్రం దాకా వెళ్లి, జాబితాలో పేరు లేక తిరిగొచ్చారు. ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. కానీ పోయిన ఓటు ఆ రోజుకు పోయినట్టే.

అందుకే ఇన్నాళ్ల నా వాదనను ఇవాళ మార్చుకుంటున్నాను. రెండు నమోదులు ఒక మనిషివే అని రుజువయ్యేదాకా వాటిని ఇద్దరుగానే ఉంచాలి. కలిపితే ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో కలిపారో రాసిపెట్టాలి. పాత వరుసను చెరపకుండా కొత్తదానికి ముడివెయ్యాలి, తప్పని తేలితే విడదీయగలగాలి. అన్నిటికన్నా ముందు ఆ మనిషికి కబురు పెట్టి అడగాలి. ఒక పేరు రెండుసార్లు ఉంటే లెక్క తప్పుతుంది, రేపు దిద్దుకోవచ్చు. ఇద్దర్ని ఒకరిని చేస్తే బతికున్నవాడి అప్పు, పొలం, ఓటు ఇంకొకరి ఖాతాలో పడతాయి. ఆ నష్టం మోసేది జాబితా రాసినవాడు కాదు, రైతు.