మంత్రి రాసిన ఆచారాలు: అపోలో కగ్వా గ్రంథాల పరిశీలన

గాండా జనుల ఆచారాలను పరిశీలించబోయినవారు ముందుగా చేరుకొనేది అపోలో కగ్వా దగ్గరికే. నేటి ఉగాండాలోని బుగాండా రాజ్యానికి ఆయన 1889 నుంచి 1926 వరకు కటికిరో, అంటే ప్రధానమంత్రి. లుగాండా భాషలో రాజుల చరిత్రను 1901లో అచ్చువేసి, ఆపైన ఆచారాల మీద, గోత్రాల మీద వేరుగా గ్రంథాలు వెలువరించాడు. మిషనరీ జాన్ రాస్కో 1911లో ఇంగ్లీషులో ప్రచురించిన 'ది బగాండా'కు వృద్ధులను పిలిపించి సమాచారం చెప్పించిందీ ఆయనే. కాబట్టి రెండు సాక్ష్యాలనుకొనేవి చాలాచోట్ల ఒకటే.

కగ్వాను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. రాజు మరణిస్తే 'నిప్పు ఆరింది' అనే ఆ జనం, ఆయన కింది దవడ ఎముకను వేరుచేసి ప్రత్యేక మందిరంలో ఉంచేవారు. 1884లో మరణించిన మొదటి ముటేసాతో ఆ పద్ధతి ఆగింది. ఏ రాజు దవడ ఎక్కడ ఉందో కగ్వా వరుసగా రాసిపెట్టాడు. రాణుల పేర్లు, బిడ్డల పేర్లు, మంత్రుల పేర్లు కూడా. చదవడానికి విసుగే, కాని విలువైన విసుగు.

చిక్కు మరోచోట ఉంది. గాండాలలో గోత్రం తండ్రి నుంచి వస్తుంది; కబాకాకు, అంటే రాజుకు మాత్రం తల్లి గోత్రం. అందుచేత ఏ ఒక్కటీ శాశ్వతంగా రాచగోత్రం కాదు, రాజ్యం అందరి ఉమ్మడి వ్యవహారం. ఇంత తెలిసిన కగ్వా తన చరిత్రకు వెన్నెముకగా రాజుల వరుసనే పెట్టుకున్నాడు. ఎందుకు?

1900 నాటి ఒడంబడికలో పసివాడైన రాజు దౌడి చ్వా తరఫున నిలిచిన ముగ్గురు రాజప్రతినిధులలో కగ్వా ఒకడు. దాని ప్రకారం 8,000 చదరపు మైళ్ళ భూమి సుమారు వెయ్యిమంది అధికారులకు, ప్రముఖులకు దక్కింది. పూర్వీకుల సమాధులున్న గోత్రభూములు ఎన్నో పరాయివాళ్ళ పాలయ్యాయి. 1920లలో గోత్రపెద్దలు దీనిపై మొరపెట్టుకున్నారు. ఆ మొర ఎవరి మీదనో, ఆయనే చరిత్రకారుడు కూడా. కైఫీయతు చదివేటప్పుడు ఇది ఎవరి మాన్యం నిలబెట్టడానికి రాశారని అడుగుతాం కదా, ఇక్కడా అదే అడగాలి. రాజుల చరిత్రకు కివానుకా చేసిన 1971 నాటి ఇంగ్లీషు అనువాదం విద్యార్థులకు చాలు. అయితే గోత్రాల గ్రంథం ఊసు లేకుండా దానితో సరిపెట్టుకోరాదని మా అభిప్రాయం.

1967లో రద్దయిన రాచరికం 1993లో రాజకీయాధికారం లేకుండా తిరిగి వచ్చింది. 2010లో కసుబి రాజసమాధుల మందిరం కాలిపోయింది. దాని గడ్డికప్పు వేసే హక్కు మాత్రం ఎంగేయే గోత్రానిదే, రాజుది కాదు.