నూనె డబ్బా చెప్పునది, చెప్పనిది

బండి ఇరుసుకు కందెన పెట్టుట ఎడ్లబండ్ల కాలమున ప్రతి రైతుకును తెలిసిన పని. ఎప్పుడు పెట్టవలెనో ఇరుసు చేయు కిర్రుమను చప్పుడే చెప్పెడిది. మోటారు ఇంజనుకు ఆ నోరు లేదు. దానిలోని నూనె పాడైన సంగతి చెవికి తెలియునప్పటికి లోపల బేరింగులు అరిగియే యుండును. అందుచేత మోటారు గలవారు రెండు వ్రాతలపై ఆధారపడవలసి వచ్చుచున్నది. ఒకటి నూనె డబ్బాపై అచ్చువేసిన గుర్తులు. రెండవది బండితో వచ్చు యజమాని పుస్తకము. గ్రంథములను విమర్శించినట్లే ఈ రెండింటి గుణదోషములను విచారింపవలసి యున్నది. ఏలయన, వీనిని తప్పుగా చదివినవారికి కలుగు నష్టము వేల రూపాయలలో నుండును.

మొదట డబ్బా మాట. దానిపై 20డబ్ల్యు-40 వంటి గుర్తు పెద్ద అక్షరములలో కనబడును. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమైన ఎస్.ఏ.ఇ. 1911లో నూనెలను స్నిగ్ధతను బట్టి తరగతులుగా విభజించెను. అనేక పర్యాయములు సవరింపబడిన ఆ పద్ధతియే నేటికిని వాడుకలో నున్నది. స్నిగ్ధత యనగా ద్రవము పారుటకు దానిలోనే కలుగు నిరోధము. తేనెకు ఎక్కువ, నీటికి తక్కువ. పై గుర్తులోని 40 అను సంఖ్య, 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఆ నూనె స్నిగ్ధత 12.5 మొదలు 16.3 సెంటీస్టోకుల లోపల నున్నదని తెలుపును. 30 అయినచో 9.3 మొదలు 12.5 లోపల నుండును. డబ్ల్యు అనునది ఇంగ్లీషులో చలికాలమును తెలుపు 'వింటర్' అను మాటకు మొదటి అక్షరము. పలువురు తలచునట్లు అది బరువుకు గుర్తు కాదు. ఇంజను తిరుగుటకు చల్లని నూనె ఎంత అడ్డుపడునో చూచు పరీక్ష 20డబ్ల్యు నూనెకు సున్నకు దిగువ 15 డిగ్రీల వద్దను, 5డబ్ల్యు నూనెకు సున్నకు దిగువ 30 డిగ్రీల వద్దను జరుగును.

రెండు సంఖ్యలలో ఇంత సమాచారమును ఇమిడ్చిన ఈ పద్ధతి మెచ్చదగినదే. కాని దానిని నాణ్యతకు కొలతగా చదువుట పొరపాటు. ఆ సంఖ్యలు దళసరిని తెలుపునే గాని నూనె మంచిచెడ్డలను తెలుపవు. సంఖ్య పెద్దదైన కొలది నూనె బలమైనదను నమ్మకము మెకానిక్కు షెడ్లలో నేటికిని వినబడును. పలుచని నూనెకై సన్నని సందులతో తయారైన ఇంజనులో మిక్కిలి చిక్కని నూనె పోసినచో, ఉదయమున అది పై భాగములకు చేరుట ఆలస్యమగును. ఇంధనమును వృథాగా ఖర్చగును. అట్లే చిక్కని నూనెకై తయారైన పాత ఇంజనులో మరీ పలుచని నూనె పోసినచో, లోహముల నడుమ నిలువవలసిన పొర తెగిపోవచ్చును.

చలి సంఖ్య విషయమును విచారింపదగినదే. చలికి పేరుపడిన లంబసింగిలో సైతము ఉష్ణోగ్రత సున్న దరిదాపులకు మాత్రమే దిగును. కావున 20డబ్ల్యుకు బదులు 5డబ్ల్యు కొన్నవాడు, తాను ఎన్నడును చూడని చలికై జరిగిన పరీక్షను కొనుచున్నాడు. అయినను అది పూర్తిగా వ్యర్థమనుటకు వీలులేదు. 40 డిగ్రీల వద్ద కూడ నూనె, 100 డిగ్రీల వద్దకంటె అనేక రెట్లు చిక్కగా నుండును. 5డబ్ల్యు నూనె అప్పుడు కొంత సులభముగా పారును.

నాణ్యతను తెలుపు గుర్తు డబ్బాపై చిన్న అక్షరములలో నుండును. అమెరికన్ పెట్రోలియం ఇన్స్టిట్యూట్ వారి తరగతులలో ఎస్ పెట్రోలు ఇంజనులకును, సి డీసెలు ఇంజనులకును చెందినవి. పెట్రోలు తరగతులలో ఎస్ఎన్ 2010లోను, ఎస్పీ 2020లోను వచ్చినవి. ఈ అక్షరములు కూడ అంతయు చెప్పవు. మోటారు సైకిలులో పెక్కింట ఒకే నూనె ఇంజనును, గేర్లను, క్లచ్చిని తడుపును. ఘర్షణను మిక్కిలిగా తగ్గించు కారు నూనె దానిలో పోసినచో క్లచ్చి జారును. అట్టి బండ్లకు జపాను వారి జాసో ఎంఏ గుర్తును చూడవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 నియమముల ప్రకారము తయారైన డీసెలు కార్లలో, పొగలోని మసిని పట్టు ఫిల్టరు కలదు. బూడిద నెక్కువగా మిగుల్చు పాతరకపు నూనె పోసినచో ఆ ఫిల్టరు క్రమముగా పూడిపోవును. మసిని కాల్చి తొలగింపవచ్చును గాని, బూడిద కాలదు.

ఇక యజమాని పుస్తకము. ఏ నూనె పోయవలెనో చెప్పుటలో దానికి మించిన ప్రమాణము లేదు. దాని దోషమంతయు ఎప్పుడు మార్చవలెనో చెప్పు పుటలో నున్నది. ఇన్ని కిలోమీటర్లకు, లేక ఒక సంవత్సరమునకు, ఏది ముందైన అప్పుడని పట్టికలో స్పష్టముగా నుండును. పట్టిక క్రింద సన్నని అక్షరములలో, "కఠిన పరిస్థితులలో" ఇంకను ముందుగా మార్చవలెనని యుండును. ఆ మాట చదివినవారు ఎడారులను, హిమాలయములను ఊహించుకొందురు. కాని కఠిన పరిస్థితులనగా దుమ్ము, ఎండ, అధిక భారము, కొలది దూరపు ప్రయాణములు, కదలక నిలిచి ఇంజను తిరుగుట. ఇది హైదరాబాదులోను, విజయవాడలోను అద్దెకారు నడుపువాని నిత్యజీవితము. అతనికి వర్తించు నియమము పట్టికలో లేదు. పట్టిక క్రింద నున్నది.

ఈ భేదము ఎంతటిదో చిన్న లెక్క వలన తెలియును. గంటకు 50 కిలోమీటర్ల సగటు వేగమున జాతీయ రహదారిపై 10,000 కిలోమీటర్లు నడచిన ఇంజను 200 గంటలు తిరిగినది. గంటకు 20 కిలోమీటర్ల సగటున నగరములో అంతే దూరము నడచినది 500 గంటలు తిరిగినది. మీటరు రెండింటికిని ఒకే అంకె చూపును. నూనె పడిన శ్రమ రెండున్నర రెట్లు. ఈ సత్యమును గుర్తించిన యంత్రము రైతు ఇంటనే కలదు. ట్రాక్టరు నూనెను గంటల లెక్కన మార్తురు.

కొలది దూరములకే బండి తీయువాని కష్టము వేరు. ఒక లీటరు పెట్రోలు కాలినచో ఇంచుమించు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును. అందులో అధికభాగము పొగగొట్టము ద్వారా పోయినను, కొంత పిస్టను రింగులను దాటి నూనెలో కలియును. కాలని పెట్రోలును అట్లే కలియును. ఇంజను బాగుగా వేడెక్కినచో ఇవి ఆవిరియై పోవును. ప్రతిదినము రెండు కిలోమీటర్లకే ఇంజను ఆపువాని బండిలో అవి మిగిలి, నూనెను పలుచబరచి, ఆమ్లములకు తోడగును. సంవత్సరపు గడువు ఇట్టివారి కొరకే ఏర్పడినది.

మరియొక వైపు, రహదారిపై నడచు బండిలోని నూనె నల్లబడినదని గడువుకు ముందే పారబోయువారును కలరు. నలుపు దోషము కాదు. మసిని పేరుకొననీయక తనలో నిలుపుకొనుటకై నూనెలో ద్రవ్యములు కలుపుదురు. డీసెలు ఇంజనులో అది కొలది దినములకే నల్లబడుట తన పని చేయుచున్నదనుటకు గుర్తు. భయపడవలసినది పాలవలె తెల్లబడినప్పుడు, పెట్రోలు వాసన వేసినప్పుడు, డిప్‌స్టిక్కుపై మట్టము పడిపోయినప్పుడు. వాడిన నూనెను 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నియమములు ప్రమాదకర వ్యర్థముగా పేర్కొన్నవి. అనవసరముగా మార్చిన ప్రతి లీటరును అట్టి వ్యర్థమే. దానిని కాలువలో పోయుట నేరమే గాక, ఊరి నీటికి చేటు.

డబ్బా తన హద్దులలో నిజమే చెప్పుచున్నది, పుస్తకమును అబద్ధమాడలేదు. కాని ముఖ్యమైన మాటను సన్నని అక్షరములలో, అనేక కార్ల విషయమున ఇంగ్లీషులో మాత్రమే చెప్పుట చెప్పనట్లే యగును. నగరపు బండికి, రహదారి బండికి వేర్వేరు గడువులు, వీలైనచో గంటలలో, పట్టికలోనే చక్కని తెలుగున అచ్చువేయుట తయారీదారులకు పెద్ద ఖర్చు కాదు. అంతవరకు పాఠకులు పట్టికను చదువుటకు ముందు దాని క్రింది సన్నని అక్షరములను చదువుట మంచిది.