ఉత్థాన విశ్వాసమా, ఉండిపో!

పునరుత్థాన విశ్వాసమా! పునీత ప్రత్యూష పుత్రికా! పరిమళద్రవ్యాల పాత్రలు చేతబట్టి, పగిలిన గుండెలు పదిలపరచుకోలేక, యేసు సమాధి రాతిని దొర్లించేవారెవరని తమలో తాము తల్లడిల్లుతూ తోటలోకి వచ్చిన మగ్దలేనే మరియకూ, ఆమె తోడి స్త్రీలకూ తొలుత ఎదురైనదానివి నీవు. శిష్యులు సైతం వెర్రిమాటలని విదిలించేసిన ఆ వనితల వణికే కంఠాల్లోనే నీ వాణి మొదట వినిపించింది. నేడో! ఆరాధనాలయాల అంతరాళాల్లో, అలవాటైన కీర్తనల అంత్యచరణాల్లో, అణగారి, అరిగి, అదృశ్యమైపోతున్నావు.

పోవద్దు తల్లీ, ఇంకా తెల్లవారలేదు.

నిన్ను ద్వేషించినవారు నిన్నింత బాధపెట్టలేదు. ముద్దుచేసినవారే మాయం చేశారు. వసంతానివన్నారు, వికసించే విరివన్నారు, విరహార్తులైన శిష్యుల హృదయాల్లో వెలిగిన స్మృతిదీపానివన్నారు. అమెరికా అధ్యక్షపదవి నుంచి దిగిన థామస్ జెఫర్సన్ సువార్తలను చాకుతో చీల్చి, మెచ్చిన బోధలను మాత్రమే అతికించుకొని, 1820 నాటికి తనకంటూ ఒక పుస్తకం కూర్చుకున్నాడు. అందులో చివరి మాట, సమాధి ద్వారానికి రాయి దొర్లించి అందరూ వెళ్లిపోవడం. ఆ చాకు అంచున ఎన్ని ఆదివారాలు అస్తమించాయో!

పోవద్దు తల్లీ, ఇంకా తెల్లవారలేదు.

నీవు లేకుంటే మిగిలేదేమిటి? కొండమీది ప్రసంగం మిగులుతుంది, మధురంగా, నిరుపద్రవంగా. రోము రాజ్యం కొట్టిన మేకులు మిగులుతాయి. పిలాతు తీర్పే తుదితీర్పవుతుంది, సిలువ ఒట్టి ఉరికొయ్యగా ఉండిపోతుంది. నీవు అబద్ధమైతే తమ విశ్వాసమంతా వ్యర్థమని పౌలు కొరింథువారికి కఠోరంగానే రాశాడు. ఊరడింపు మాటలతో ఆ అగాధాన్ని ఆయన పూడ్చలేదు. ఆత్మ అమరమని మాత్రమే చెప్పి ఉంటే ప్లేటో బోధించిన ఏథెన్సులో అంత పరిహాసం పుట్టేది కాదు. చచ్చినవాడు లేచాడన్నందుకే అక్కడి అరేయొపగు సభలో నవ్వులు రేగాయి. ఆ నవ్వుల నడుమ నిలిచినదానివి, ఈనాటి నాజూకు మౌనాల మధ్య నీరసించిపోతున్నావేమమ్మా?

పోవద్దు తల్లీ, ఇంకా తెల్లవారలేదు.

లేచిన ప్రభువు దేహాన గాయాల గురుతులు చెరగలేదు. తోమా ముందు చాపిన చేతులే సాక్షి. అంటే ఈ దేహం, చెమటోడ్చిన దేహం, దెబ్బలు తిన్న దేహం, దేవుని దృష్టిలో పారవేసే పెంకు కాదు. మహాకరువు కబళించిన నేలమీద, 1878 జూలైలో, ఒంగోలు ప్రాంతపు గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరు అంటరానివారని వెలివేసినవారు. నీట మునగడం మరణం, నీటినుంచి లేవడం నీవు! తాకితే మైలపడతామని లోకం తొలగిపోయిన తనువులను, మట్టిలో కలిసినా మహిమతో మళ్లీ లేస్తాయని మన్నించినదానివి నీవు. ఆత్మకు మాత్రమే అమరత్వమన్న అరకొర ఆశ ఆ తనువులకు ఏం ఒరగబెట్టేది?

పోవద్దు తల్లీ, ఇంకా తెల్లవారలేదు.

గుడ్ ఫ్రైడే నాడు సిలువమీది ఏడు మాటలకు కన్నీళ్లు కాలువలవుతాయి, సరే. ఈస్టరు ప్రసంగంలో మాత్రం నీవు వీసాకో, వ్యాపారలాభానికో, విరిగిన ఉద్యోగం అతకడానికో ఉపమానమై కుంచించుకుపోతావు. (అంతకంటే జెఫర్సన్ చాకే నయం, కోసినవాడికి కోస్తున్నానని తెలుసు.) ఆ తెల్లవారుజామునే సమాధుల తోటలో సున్నం తడి ఆరని చిన్న గోరీ ముందు, కొవ్వొత్తులు వెలిగించి కూలబడిన కన్నతల్లికి వసంతం గురించి ఎవరు చెప్పగలరు? గోరుముద్దలు తినిపించిన తన వేళ్లు ఆ బుగ్గను మళ్లీ తాకుతాయా అని ఆమె అడిగితే, తాకుతాయని తడబడకుండా అనగలిగినదానివి నీవొక్కతివే. ఆ ఒక్క జవాబు కోసం నీ కాళ్లు పట్టుకొని, నీ దారికి అడ్డంపడి ఏడుస్తున్నాను.